తలుపులేని పెట్టె

విలాస్ బాగల్ పచ్చి మోసగాడు. ఆ సంగతి సోలాపూర్ బజారులో కుక్కకి కూడా తెలుసు. తెలిసీ మగాళ్ళు అతని వాయిద్యాల కొట్టుకే వెళ్తారు. ఎందుకంటే అతను టీ తెప్పిస్తాడు, భుజం మీద చెయ్యేస్తాడు, "రండి ఆర్టిస్ట్‌గారూ" అంటాడు. ఆ ఒక్క మాటకి మనిషి జేబు దానంతట అదే తెరుచుకుంటుంది. ఛాయ మూడేళ్ళు జొన్నరొట్టెలు తట్టి కూడబెట్టిన చీటీ డబ్బు మొత్తం బుధవారం సాయంత్రం ఆ కొట్లో మొగుడి జేబులోంచి అలాగే పోయింది. బాగల్ చేతులు విరగ, వాడి కొట్టు కూల అని ఆమె అన్నం వడ్డిస్తూ తిట్టుకుంది, గిన్నెలు తోముతూ తిట్టుకుంది.

గురువారం కుళాయి వచ్చే రోజు. నాలుగు రోజుల బట్టలు ఒక్కసారి ఉతకాలి. మొగుడి చొక్కా నానబెట్టే ముందు జేబు తడిమింది. పెళ్ళయిన ఇరవై ఏళ్ళుగా తడుముతూనే ఉంది. తంబాకు పొట్లాలు దొరికాయి, లాటరీ టికెట్లు దొరికాయి, ఒకసారి ఎవరిదో చెవిదుద్దు కూడా దొరికింది. ఈసారి దొరికింది ఒక కాగితం. నాలుగు మడతలు. పై మడత మీద జొన్నపిండి వేలిముద్ర. అది ఆమె వేలే. తను ఎలా మడిచి ఇచ్చిందో అలాగే ఉంది. ఒక్క మడతన్నా విప్పిన గుర్తు లేదు.

ఛాయ ఆ కాగితాన్ని చూస్తూ నిలబడిపోయింది. బిందె నిండి నీళ్ళు కాళ్ళ మీదికి పారాయి. రాత్రినుంచి బాగల్ మీద ఉన్న కోపం అక్కడి నుంచి జారి, వచ్చి, ఇంట్లోనే ఒకచోట కూర్చుంది.

"ఏమే, నీళ్ళు కాలవలో పోతున్నాయి, కళ్ళెక్కడ పెట్టావు?" అంది అత్త పారూబాయి గడప మీంచి.

"ఉన్నాయిలెండి, మొహం మీదే ఉన్నాయి," అంది ఛాయ.

ఆ కాగితం రాయడానికి ఆమెకి నాలుగు నెలలు పట్టింది. పదో తరగతితో చదువు ఆపించిన మనిషి. కూతురు పూణేలో పాలిటెక్నిక్‌లో చేరి, కొత్తది కావాలని పాత ల్యాప్‌టాప్ వదిలేసి వెళ్తే, మధ్యాహ్నం పూట రొట్టెలు ఆరేలోపు శబ్దం రికార్డు చెయ్యడం నేర్చుకుందామని దాని ముందు కూర్చోవడం మొదలుపెట్టింది. హిందీ వీడియోలు చూసింది, అర్థంకాని ఇంగ్లీషు వీడియోలు నాలుగేసిసార్లు చూసింది. మైకుకీ సౌండు కార్డుకీ, కార్డుకీ ల్యాప్‌టాప్‌కీ, ల్యాప్‌టాప్‌కీ సాఫ్ట్‌వేర్‌కీ, ఆ సాఫ్ట్‌వేర్‌లోంచి వచ్చిన శబ్దానికీ కర్రలతో వాయించే కరెంటు ప్యాడ్‌కీ జాతకాలు కలవాలి. ఒక మైకు ఉంటుంది, దానికి కార్డు నుంచి కరెంటు అందితేగాని పలకదు. ఒక కార్డు ఉంటుంది, చూడ్డానికి లక్షణంగా ఉంటుంది, మన ల్యాప్‌టాప్ పాతదని తెలియగానే మొహం తిప్పేసుకుంటుంది. ఇవన్నీ ఒక్కొక్కటే అడిగి, ఆరాతీసి, ఇది దానితో కాపరం చేస్తుందా చెయ్యదా అని తేల్చుకుంటూ ఉంటే ఒకరోజు ఆమెకి నవ్వొచ్చింది. నాకు సంబంధం చూసినప్పుడు మావాళ్ళు ఇందులో పదోవంతు వెతకలేదు కదా అనిపించింది. కుర్రాడు ప్యాడ్ వాయిస్తాడు, కళ్ళజోడు పెట్టుకుంటాడు అన్నారు, ఇచ్చేశారు.

వెతికి వెతికి చివరికి కాగితం మీద పెట్టింది. ఈ మైకు, ఈ మైకుకి ఈ కార్డు, ఈ కార్డే మన ల్యాప్‌టాప్ మీద కూర్చుంటుంది, దీనికంటే కొత్తది కూర్చోదు. కింద ఇంకో ముక్క: "ప్యాడ్ కొనేముందు ఒక్కటే అడగండి. బయట రికార్డు చేసిన శబ్దం పెన్‌డ్రైవ్‌లోంచి దీనిలోకి ఎక్కుతుందా? ఎక్కదంటే వద్దు. ఊరికే ఇచ్చినా వద్దు." చివరి మాట కింద రెండు గీతలు గీసింది.

మొగుడు నాగనాథ్ బుధవారం సాయంత్రం బండి మీద పెట్టెలు కట్టుకుని వచ్చాడు, పెళ్ళికొడుకులా. "చూడు, తొమ్మిది వందల శబ్దాలు ఉన్నాయట లోపల! బాగల్ నా మొహం చూసి ఇచ్చాడు. వేరేవాడికైతే ఇంకో ఆరువేలు."

"పెన్‌డ్రైవ్ ఎక్కడ పెట్టాలి దీనికి?"

"ఏం?"

"మన శబ్దాలు లోపలికి ఎలా వెళ్తాయి అంటున్నా."

నాగనాథ్ ప్యాడ్‌ని వెనక్కి తిప్పాడు, ముందుకి తిప్పాడు. "తొమ్మిది వందలున్నాయే తల్లీ లోపల. అవి చాలవా నీకు? ఇంకా బయటనుంచి ఎందుకు మోసుకురావడం?"

తొమ్మిది వందల గదులు ఉండి ఒక్క తలుపు లేని ఇల్లు కొనుక్కొచ్చాడు. కార్డుదీ అదే వరస. నాగనాథ్ అడ్డదిడ్డంగా నొక్కి నొక్కి వదిలేశాక ఛాయ చూస్తే, ఈ ల్యాప్‌టాప్ మీద నేను పనిచెయ్యను అని ఇంగ్లీషులో రాసి కూర్చుంది. వాపసు ఇచ్చి రమ్మంది. "సీలు తీశాక బాగల్ తీసుకోడు. అయినా వాడి ముందు నా పరువేం కాను? పెళ్ళాం వద్దంది అని చెప్పనా?" అన్నాడు నాగనాథ్.

దీనంతటి వెనకా ఉన్నది హల్గీ, డప్పులాంటి తోలు వాయిద్యం. ఛాయ తండ్రి అంబాదాస్ హల్గీ వాయించేవాడు. అతను కర్ర ఎత్తితే నాలుగు ఊళ్ళ కుస్తీ పోటీల్లో వస్తాదుల తొడలు అదిరేవి. వాయించేముందు చర్మాన్ని మంట మీద కాచాలి. ఆ పని ఛాయది. ఆరేళ్ళప్పటినుంచి గడ్డి మంటపెట్టి, హల్గీని తిప్పుతూ, వేలితో మీటుతూ, 'ఇప్పుడు కాదు, ఇప్పుడు కాదు, ఆఁ ఇప్పుడు' అని తండ్రి చేతికిచ్చేది. కాచడం ఆడపిల్ల పని. కొట్టడం మగాడి పని. కాగిన హల్గీ ఏ క్షణాన కంచులా పలుకుతుందో ఊళ్ళో ఆమెకంటే బాగా ఎవరికీ తెలియదు. ఆ క్షణాన దాన్ని ఇంకొకరికి ఇచ్చెయ్యాలి.

రెండేళ్ళ కింద అంబాదాస్‌కి కుడిచెయ్యి పడిపోయింది. కొడుకు ఇంట్లో ఇమడలేక కూతురింటికి వచ్చాడు, సంచీలో రెండు చొక్కాలు, భుజాన హల్గీ. పారూబాయి హల్గీ చూడగానే ముక్కు మూసుకుంది. "మా అత్తమామల చచ్చుబతుకంతా ఆ తోలుతోనే పోయింది. నా కొడుకు కరెంటు ప్యాడ్ మీదికి ఎక్కి దాన్ని వదిలించుకున్నాడు. నువ్వు మళ్ళీ పొయ్యి మీదికి తెస్తావా?"

తెచ్చింది. వీడియోలు చూసి పని తెలిశాక భజన మండలి వాళ్ళ దగ్గర మైకు, కార్డు నాలుగు రోజులకి అద్దెకి తెచ్చింది. వంటింటి గోడలకి సోలాపూర్ దుప్పట్లు నాలుగు కట్టింది, శబ్దం మారుమోగకుండా. గ్యాస్ పొయ్యి మీద హల్గీ కాచింది. తండ్రి ఎడమచేత్తో కొట్టాడు. సరిగ్గా పడలేదు. మళ్ళీ కొట్టాడు. కళ్ళలో నీళ్ళొచ్చి కర్ర కింద పెట్టేశాడు. "నువ్వే కొట్టు," అన్నాడు వంకర తిరిగిన నోటితో.

"నేనా?"

"రోజుకి రెండొందల రొట్టెలు తడతావు కదే. అన్నీ ఒక్కలాగే ఉంటాయి. ఆ మణికట్టు ఎక్కడికి పోతుంది?"

కొట్టింది. మొదటి దెబ్బకి తనే ఉలిక్కిపడింది. మెల్లగా, మధ్యరకంగా, గట్టిగా, అంచు మీద, నడిబొడ్డున, లావు కర్రతో, సన్న కర్రతో. చర్మం చల్లారితే మళ్ళీ పొయ్యి మీదికి. నాలుగు మధ్యాహ్నాలు. తండ్రి గోడకానుకుని ప్రతి దెబ్బకీ తలూపేవాడు, లేదా ఊపేవాడు కాదు. ఊపని దెబ్బ తీసేసేది. చివరికి మిగిలినవి నలభై ఆరు దెబ్బలు. ఒక్కోదాని ముందున్న నిశ్శబ్దాన్ని బియ్యంలో రాయి ఏరినట్టు ఏరి కోసేసింది. ఆ నిశ్శబ్దం వెంట్రుకంత మిగిలినా కర్ర ముందు పడుతుంది, శబ్దం వెనక వస్తుంది.

పారూబాయి ఆ నాలుగు రోజులూ చెవుల్లో దూది పెట్టుకుంది. నాలుగో రోజు మాత్రం దగ్గరికొచ్చి మెల్లగా అంది, "ఆడది కొట్టిందని బయట పొక్కనీకు. నవ్వుతారు. నాగ్యాకి కూడా చెప్పకు." నాగనాథ్‌కి చెప్పాల్సిన పనే రాలేదు. అతను అడగలేదు. మామగారి చేతివే అనుకున్నాడు, నాలుగు దెబ్బలు ఫోన్లో గ్రూపుల్లోకి వదిలాడు. టోన్లు, అంటే ప్యాడ్‌లో వేసుకునే ఇలాంటి శబ్దాలు, అమ్మేవాళ్ళందరూ దొంగతనం కాకుండా నడుమ నడుమ తమ పేరు చెప్పిస్తారు, ఆడగొంతు అయితే మెత్తగా ఉంటుందని ఆడవాళ్ళతో. అదీ ఛాయే చెప్పింది. "నాగనాథ్ సోలాపూర్కర్... ఒరిజినల్ హల్గీ." తొమ్మిదిసార్లు చెప్పించాడు. "ఇంకొంచెం ముద్దుగా చెప్పవే, రేషన్ షాపులో పేరు పిలిచినట్టుంది," అన్నాడు. తన దెబ్బలు, తన గొంతు, పేరు మాత్రం ఇంకొకరిది. చెప్పింది.

ఆ నాలుగు దెబ్బలూ విని అక్లూజ్ నుంచి దత్తా మస్కే ఫోను చేశాడు. గణపతి ఊరేగింపులకి బ్యాంజో పార్టీలనే వాయిద్య బృందాలు పన్నెండింటిని పంపే మనిషి. ఆదివారం వస్తాను, నా ముందు ప్యాడ్ మీద వాయించి వినిపించండి, నచ్చితే పన్నెండు పార్టీలకీ మీ హల్గీయే, ఏటా పని అన్నాడు. ఆ ఫోను వచ్చాకే ఛాయ చీటీ ఎత్తింది, నాలుగు నెలలుగా వెతికినదంతా కాగితం మీద పెట్టింది. ఎవరో ఒకరు తన నలభై ఆరు దెబ్బలూ వరసగా, సరిగ్గా, మొదటి నుంచి చివరిదాకా వింటారు. ఆ ఒక్కటీ కావాలి ఆమెకి. అది తలుచుకుంటే ఆ ఫోను వచ్చినప్పటినుంచి కాలు ఒకచోట నిలవడం లేదు.

గురువారం బట్టలు ఆరేశాక కాగితాన్ని చీర కొంగున ముడి వేసుకుంది. నాగనాథ్ భోజనానికి వచ్చాడు. కంచం ముందు కూర్చుని చెప్పాడు, "ఆ తొమ్మిది వందల్లో ఏదో ఒక దాన్ని బిగించి హల్గీలా చేసెయ్. నీకవన్నీ వచ్చు కదా."

"రేకు డబ్బాని బిగిస్తే రేకు డబ్బాయే అవుతుంది."

"మస్కేకి తెలుస్తుందా?"

"తెలిసే అక్లూజ్ నుంచి వస్తున్నాడు."

"నోరు బాగా లేచిందే నీకు. ఏదో కొంచెం సాయం చేస్తున్నావని ఊరుకుంటున్నా," అని అతను మూడో రొట్టె విరుచుకున్నాడు.

కొంచెం సాయం. ఛాయ ఆ మాటని పిండిలో వేసి పిసికింది, పీటమీద వేసి తట్టింది, పెనం మీద వేసి కాల్చింది. అయినా అరగలేదు. పారూబాయి మొగుడికి, పోయేదాకా మంచంలో రెండేళ్ళు మలమూత్రాలు ఎత్తితే కొంచెం సాయం. ఆర్కెస్ట్రాలు మూతబడి మొగుడు ఇంట్లో కూర్చున్న రెండేళ్ళు రొట్టెలమ్మి పొయ్యి వెలిగిస్తే కొంచెం సాయం. ఇరవై ఏళ్ళ ఈ 'కొంచెం'లన్నీ ఒకచోట పోస్తే ఇంట్లో మిగతావాళ్ళకి నిలబడే చోటుండదు. కూర్చుంటే లేవాలనిపించింది, లేస్తే ఎక్కడికెళ్ళాలో తెలియలేదు. రొట్టెల పీట మీద వేళ్ళు వాటంతట అవే దరువు వేస్తున్నాయి. పారూబాయి చూసి, "దయ్యం పట్టిందా?" అంది.

శుక్రవారం మధ్యాహ్నం తట్టింది ఆమెకి. తలుపు లేకపోతే పోనీ, కిటికీ ఉందేమో. ప్యాడ్ వెనక సన్న కేబుల్ పెట్టే బెజ్జం ఒకటి ఉంది. అందులోంచి శబ్దం లోపలికి పోదు. కానీ 'ఇక్కడ దెబ్బ పడింది, ఇంత గట్టిగా పడింది' అనే కబురు బయటికి వస్తుంది. ఆ కబురు ల్యాప్‌టాప్‌కి చేరితే, అక్కడి సాఫ్ట్‌వేర్‌లో ఉన్న తన హల్గీ పలుకుతుంది. ప్యాడ్ ఒట్టి చర్మం. ప్రాణం వంటింట్లో ఉంటుంది. కేబుల్ పెట్టి కర్రతో తట్టింది. పలికింది. కానీ ఆలస్యంగా పలికింది. రెప్పపాటే. ఆ రెప్పపాటు చాలు ఊరేగింపు మొత్తం కుంటడానికి.

కొత్త కార్డు ఎటూ మొండికేసింది కాబట్టి దాన్ని పెట్టెలో పడేసి, ల్యాప్‌టాప్‌కి ఇయర్‌ఫోన్ పెట్టే బెజ్జంలోంచే స్పీకరుకి వైరు లాగింది. సాఫ్ట్‌వేర్‌లో ఒక అంకె ఉంటుంది. అది తగ్గిస్తే శబ్దం తొందరగా వస్తుంది. మరీ తగ్గిస్తే నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు పగులుతుంది. తగ్గించింది, పగిలింది. పెంచింది, కుంటింది. పులుసులో ఉప్పు చూసుకున్నట్టు చూసుకుంటూ పోయింది. ల్యాప్‌టాప్‌లో అక్కర్లేనివన్నీ తీసేసింది, కూతురి పాత ఫోటోలు కూడా పెన్‌డ్రైవ్‌లోకి మార్చేసి. నలభై ఆరు దెబ్బల మొదళ్ళూ ఇంకోసారి కోసింది. శనివారం నాలుగింటికి కర్ర పడటం, హల్గీ పలకడం ఒకటైపోయాయి. మంచం మీంచి తండ్రి తలూపాడు. చాలాసేపు ఊపాడు.

ఆదివారం పదకొండింటికి మస్కే వచ్చాడు. తెల్ల బట్టలు, మెడలో గొలుసు, వేళ్ళకి ఉంగరాలు. ముందుగదిలో ప్యాడ్ స్టాండు మీద మెరుస్తోంది. దాని వెనకనుంచి కేబుల్ గడప దాటి వంటింట్లోకి పోయింది. ఛాయ టీ తెచ్చింది.

"చక్కెర తక్కువ వేశానండీ, ఇంకొంచెం వెయ్యనా?"

మస్కే కప్పు అందుకోబోతూ ఆగిపోయాడు. "ఉండండి ఉండండి. ఈ గొంతు నాకు తెలుసే. నా ఫోన్లో రోజూ వింటున్నా... అయితే వదినా, నాగనాథ్ సోలాపూర్కర్ అంటే మీరేనన్నమాట!"

అందరూ నవ్వారు. నాగనాథ్ అందరికంటే గట్టిగా నవ్వాడు. ఛాయ నవ్వలేదు. నీళ్ళ చెంబు పెట్టి వంటింట్లోకి వెళ్ళి ల్యాప్‌టాప్ పక్కన నిలబడింది.

నాగనాథ్ వాయించాడు. చెయ్యి ఉంది అతనికి, లేదనడానికి లేదు. ముందు నడకలా, తర్వాత పరుగులా. అంచు మీద సన్నగా, నడిబొడ్డున లావుగా. గోడకున్న గడియారం అద్దం గిలగిల్లాడింది. పక్కింటివాళ్ళు వచ్చి వాకిట్లో నిలబడ్డారు. ఛాయకి ఒంట్లో ప్రతి దెబ్బా విడివిడిగా తెలుస్తోంది. ఇది రెండో మధ్యాహ్నందిరా, పాలు పొంగిన రోజుది. ఇది చర్మం మరీ కాగి చెయ్యి చురుక్కుమన్నప్పటిది.

మస్కే కప్పు కింద పెట్టేశాడు. "అబ్బ! పొయ్యి మీంచి తీసిన వేడి తెలుస్తోందయ్యా. ఎవరిది ఈ చెయ్యి?"

"మా మామగారిదండీ," అన్నాడు నాగనాథ్. "పాతకాలపు మగాడి చెయ్యి. ఇప్పుడెక్కడ దొరుకుతుంది?"

మూల మంచం మీద అంబాదాస్ ఎడమచేత్తో తన కుడిచేతిని పట్టుకుని పైకెత్తాడు. వదిలేశాడు. అది పరుపు మీద పడిపోయింది. "ఇదా?" అన్నాడు. "ఇది పోయి రెండేళ్ళు. అది నా కూతురు చెయ్యి."

పారూబాయి కొంగు నోట్లో కుక్కుకుంది. నాగనాథ్ మొహం ఒక్క నిమిషం ఎటు పెట్టుకోవాలో తెలియనట్టయింది. మరుక్షణంలో సర్దుకున్నాడు. సర్దుకోవడం మగాళ్ళకి పుట్టుకతో వస్తుంది. "ఆఁ, కొంచెం సాయం చేస్తుందండీ ఇంట్లో. కొయ్యడం, అతకడం, తట్టమన్నచోట తట్టడం. ఆడవాళ్ళకి కాలక్షేపం ఉండాలి కదా. అసలు పనంతా సెట్టింగులోనే ఉంది. అది నేను చూసుకుంటా."

మస్కే వంటింటి గడపవైపు ఒకసారి చూశాడు, నాగనాథ్ వైపు ఒకసారి చూశాడు. వ్యాపారస్తుడు. ఎవరైతే నాకేం అన్నట్టు జేబులోంచి కట్ట తీసి నాగనాథ్ చేతిలో పెట్టాడు. "అడ్వాన్సు. ఏదీ, ఇంకోసారి వాయించు. మా వాళ్ళకి ఫోన్లో పంపిస్తా."

నాగనాథ్ కట్ట పైజేబులో పెట్టుకున్నాడు, బుధవారం ఆ కాగితాన్ని విప్పకుండా పెట్టుకున్న జేబులోనే. కర్రలు ఎత్తాడు. హల్గీ మోగింది. పది దెబ్బలు, పదిహేను, పరుగు అందుకుంది.

ఛాయ వంగి కేబుల్ పీకేసింది.

చేతులు ఆగలేదు. కర్రలు పడుతూనే ఉన్నాయి. శబ్దం మాత్రం మారిపోయింది. తొమ్మిది వందల్లో మొదటిది, ఇంతసేపూ హల్గీ కింద వినపడనిది, రేకు డబ్బా మీద గోళీలు పోసినట్టు, ప్యాడ్ సొంత గొంతుతో టకటకమంది. నాగనాథ్ ఇంకో నాలుగు దెబ్బలు కొట్టాక గాని వినలేదు. విని ఆగాడు. వాకిట్లో ఎవరో కిసుక్కుమన్నారు.

"ఏం చేశావే?"

"ఏం చెయ్యలేదండీ," అంది ఛాయ గడపలోకి వచ్చి. చేతికి కేబుల్ చుట్ట చుట్టుకుంటోంది, ఉన్ని చుట్టుకున్నట్టు. "కొంచెం సాయం చేస్తున్నా కదా. అది తీసేశాను. అసలు పని మీ దగ్గరే ఉంది, కానివ్వండి."

"మస్కేగారి ముందు నా పరువు..."

"మీ పరువు నేను తియ్యలేదు. పెట్టెలో నాదేదుందో అది తీసుకున్నా."

మస్కే ముందు బిత్తరపోయి, తర్వాత తొడమీద చరుచుకుని నవ్వాడు. "మరి నేను నవ్వులాటకన్నదే నిజమైందా! వదినా, ఇప్పుడు నేనెవరితో మాట్లాడాలి?"

ఛాయ కొంగు ముడి విప్పింది. నాలుగు మడతల కాగితం, పిండి వేలిముద్రతో. అతని చేతికిచ్చింది. "ఇందులో రాసిన ప్యాడ్ కొనండి, మీ పన్నెండు పార్టీలకీ. బాగల్ దగ్గర మాత్రం వద్దు. ఎల్లుండి మధ్యాహ్నం రండి, రొట్టెలు ఆరేసి ఖాళీగా ఉంటా. నలభై ఆరు దెబ్బలూ పెన్‌డ్రైవ్‌లో ఇస్తాను. పేరు చెప్పే ముక్క కూడా మార్చి ఇస్తాను. ఆ అడ్వాన్సు ఆయన దగ్గర తీసుకోండి. నాకు అప్పుడే ఇద్దురుగాని, నా చేతికి."

మస్కే కాగితం ఒక్కో మడతా విప్పాడు. కళ్ళజోడు పైకి తోసుకుని మొదటి వరస నుంచి చదవడం మొదలుపెట్టాడు. రెండు గీతలున్న చోట ఆగి, మళ్ళీ చదివాడు. ఆ నాలుగు నెలల కాగితాన్ని చదివిన మొదటి మనిషి.

నాగనాథ్ ప్యాడ్ ముందు కర్రలు పట్టుకునే నిలబడ్డాడు. "మరి దీన్నేం చెయ్యమంటావు? ఈ డబ్బంతా?"

అది మీదే, ఉంచుకోండి అంది ఛాయ. బాగల్ దగ్గరికి పంపించి గొడవ పెట్టుకోమనలేదు, మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తకూడదని కూడా ఆ గడపలోనే అనుకుంది. వంటింట్లోకి వెళ్ళి ల్యాప్‌టాప్ మూసింది, గోడ దుప్పట్లు ఒకసారి సర్దింది, పొయ్యి వెలిగించి హల్గీ తీసింది. నలభై ఏడో దెబ్బ ఒకటి మిగిలి ఉందని శుక్రవారం నుంచీ అనిపిస్తోంది. మొత్తం మీద పోయింది ముప్పై ఎనిమిది వేల నాలుగు వందల రూపాయలు. అంతే పోయింది.